సాపు రాసిన చేయి

లూదియమ్మను మనం నంద్యాలలో, చర్చి అయ్యగారి కార్యాలయంలోని ఇనుప బీరువా ముందు, నేలమీద కూర్చుని ఉండగా విడిచి వచ్చాం. ఆమె ఒడిలో పెండ్లి ప్రకటనల పుస్తకం తెరిచి ఉంది. పెండ్లి కాబోయే ఇద్దరి పేర్లను వరుసగా మూడు ఆదివారాలు గుడిలో చదివి, అభ్యంతరం ఉన్నవారు చెప్పవలసిందని సంఘాన్ని అడగడం వారి ఆచారం. చదివిన ప్రతిసారీ పుస్తకంలో తేదీ వేసి సంతకం చేస్తారు. 1977వ సంవత్సరపు పేజీలో సుందరరాజు, లూదియా అన్న పేర్లకు ఎదురుగా రెండు తేదీలు ఉన్నాయి. మూడో గడి ఖాళీగా ఉంది. ఆ గడి పక్కన గుండుసూదితో గుచ్చిన ఒక జాబు, దాని కింద నాలుగు పంక్తుల నివేదిక ఉన్నాయి.

జాబులో సంతకం లేదు. "వరుడైన సుందరరాజునకు సున్నిపెంటలో ఒక స్త్రీతో ఇదివరకే సంబంధము గలదు. విచారించి ప్రకటన నిలుపవలెను. ఇట్లు, సంఘక్షేమము కోరువాడు." కింది నివేదిక మాత్రం ఆమె తండ్రి, వాళ్ల పల్లె గుడిలో అయ్యగారి కింద వాక్యం చెప్పే ఉపదేశిగా ఉండిన జకరయ్య రాసినది. "నేను స్వయముగా సున్నిపెంటకు పోయి రెండు దినములు విచారించితిని. మన సంఘములో అట్టి స్త్రీ ఎవరును లేరు. మూడవ ప్రకటన చేయవచ్చును."

తన పెండ్లిని తండ్రే చెడగొట్టాడని నలభై ఏడేళ్లుగా నమ్మిన లూదియమ్మ, ఆ నాలుగు పంక్తులను వేలు పెట్టి చదివింది. తర్వాత పై జాబును చదివింది. అది సుందరరాజు చేతిరాత. తెలుగుదేశమంతా తలకెత్తుకున్న ఆ నవలాకారుడు తన పెండ్లికి తానే అభ్యంతరం రాసుకుని, ఆ నేరాన్ని ఒక పేద ఉపదేశి మెడకు కట్టాడు.

అది మంగళవారం. గురువారం ఉదయం, ఆ పేజీ జిరాక్సు కాగితాన్ని చేతిసంచిలో పెట్టుకుని, లూదియమ్మ ఆళ్ళగడ్డ బస్సెక్కింది.

సుందరరాజు విగ్రహాన్ని ఆదివారంనాడు ఆళ్ళగడ్డలో ఆవిష్కరిస్తారని ఆమెకు ఆహ్వానం అందింది. అయినా ఆమె ప్రయాణం విగ్రహం కోసం కాదు. తండ్రి సమాధికి రాయి లేదు. ఒక్కగానొక్క కూతురు రాయి వేయించలేదు కాబట్టి లేదు. డెబ్బై రెండేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పితో, ఆమె ఆ లోటు తీర్చడానికి బయలుదేరింది. కేసీ కాలువ వెంట బస్సు పోతున్నంతసేపూ ఆమె కిటికీలోంచి బయటికి చూడలేదు. తాను తండ్రికి చేసిన అన్యాయాన్ని ఒకటొకటిగా జ్ఞాపకం చేసుకుంది. బడిలో పిల్లల తప్పులకు ఎన్నడూ మినహాయింపు ఇవ్వని టీచరు, తన తప్పులకు ఇస్తుందా?

పెండ్లి ఆగిపోయిన ఏడాది జకరయ్య రెండుసార్లు నంద్యాలకు వచ్చి, ఆమె ఉండే టీచర్ల హాస్టలు గేటు దగ్గర నిలబడ్డాడు. రెండుసార్లూ ఆమె చూడనని కబురు పంపింది. మూడేళ్ల తర్వాత సుందరరాజు నవల "పిలవని పేరు" వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. అందులో కూతురి పెండ్లి ప్రకటనను చదవకుండా పుస్తకం మూసిన క్రూరుడైన ఉపదేశి ఉన్నాడు. పాఠకులు కన్నీరు మున్నీరుగా ఏడ్చారు. కాలేజీల్లో పాఠంగా పెట్టారు. ఆ ఉపదేశి ఈయనేనా అని పొరుగూళ్లవాళ్లు జకరయ్యను చూడటానికి వచ్చేవారు. గుడిలో ఆయన కూర్చున్న బల్లమీద మిగతావాళ్లు కూర్చోవడం మానేశారు. ఆయన 1988లో పోయినప్పుడు లూదియా వెళ్లింది, కానీ సమాధుల తోట గేటు దాటి లోపలికి పోలేదు. పిడికెడు మన్ను వేయలేదు.

అన్నిటికంటే ఆమెను కాల్చేది మరొకటి ఉంది. ఆ నవలను సాపు రాసింది ఆమే.

ఈ సంగతి లోకానికి తెలియదు. సుందరరాజు మొదట సున్నిపెంటలో, శ్రీశైలం ఆనకట్ట కార్యాలయంలో టైపిస్టు. తర్వాత ఆళ్ళగడ్డలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఆఫీసు పనంతా యంత్రంమీద, సంతకం ఇంగ్లీషులో. ఆయన తెలుగు చేతిరాత ఎంత చెడ్డదంటే మొదటి మూడు కథలనూ సంపాదకులు చదవలేక తిప్పి పంపారు. నాలుగో కథను లూదియా సాపు చేసి ఇచ్చింది. అది అచ్చయింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు, నూనెపల్లెలో ఆమె అద్దె ఇంటికి ఆయన శనివారాలు వచ్చేవాడు. చిత్తుకాగితాలు తెచ్చేవాడు, సాపు ప్రతి తీసుకుపోయేవాడు. చిత్తును మాత్రం ఆమె పొయ్యిలోనే తన చేత్తో కాల్చేవాడు. చెడ్డ చేతిరాత చూస్తే సిగ్గని చెప్పేవాడు. ఆమెకు ఒక్క ఉత్తరం రాయలేదు. అవసరమేముంది, వారం వారం వస్తున్నాను కదా అనేవాడు. పెండ్లి చేసుకుందామని ఆమె అడిగినప్పుడల్లా, మీ నాయన బతికుండగా ఏ గుడిలో పిలుస్తారు అనేవాడు. నాయన పోయాక, ఈ వయసులో నలుగురూ నవ్వుతారు అన్నాడు.

పదమూడేళ్ల కిందట ఆయన పోయినప్పుడు పత్రికలు రాశాయి, ఆజన్మ బ్రహ్మచారి అని. ఆమె ఆ పత్రికలను మడిచి, అలమరలో అరల కింద పరిచింది.

ఆళ్ళగడ్డలో బస్సు దిగేసరికి ఎండ ముదిరింది. రోడ్డుకు రెండు పక్కలా శిల్పుల షెడ్లు. సగం తీరిన దేవుళ్లు, ఇంకా ముఖం రాని నాయకులు, తడి గోనెసంచుల కింద నల్లరాళ్లు. కోత మిషన్ల రొద, గాలిలో తెల్లటి రాతిపిండి. సమాధిరాళ్లమీద అక్షరాలు చెక్కే పీరా షెడ్డు చివర ఉంది. యాభై ఏళ్ల మనిషి. ముక్కుకు గుడ్డ కట్టుకుని పని చేస్తున్నాడు. కంప్యూటరు అక్షరాలు వచ్చాక చాలామంది ఉలి పక్కన పెట్టారు కానీ, చేతిరాతను ఉన్నదున్నట్టు రాతిమీదికి దించాలంటే అందరూ పీరాకే చెప్తారు.

ఆమె నంద్యాల టీచరునని చెప్పుకోగా, ఏం చెక్కాలని అతను అడిగాడు. ఆమె సంచిలోంచి కాగితం తీసి, రాతిపలక మీద పెట్టుకుని, అక్కడే రాసి ఇచ్చింది.

"ఉపదేశి జకరయ్య. 1919 – 1988. ఆయన అబద్ధమాడలేదు."

పీరా కాగితాన్ని వెలుగుకు పట్టుకుని చూశాడు. ముక్కుమీది గుడ్డ కిందికి లాగి మళ్లీ చూశాడు.

"టీచరమ్మా, ఇది మీ రాతేనా?"

"నీ ఎదురుగానే కదప్పా రాసినాను."

"అది చూస్తిని. అందుకే అడుగుతాండా." అతను నల్లబడిన వేలుతో జకరయ్య పేరు చివర చూపించాడు. "ఈ యవత్తు చూడండి. కిందికి లాగి, కొక్కెం మాదిరి పైకి లేపినారు. ఇట్ల రాసేవాళ్లను నేను యాడా చూడలే. ఇరవై దినాల నుంచి ఈ కొక్కేలే చెక్కుతాండా. రాత్రి కండ్లు మూసినా ఇవే కనపడతాయి."

ఎవరికోసం చెక్కుతున్నావని ఆమె అడిగింది. అతను షెడ్డు వెనక్కి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది.

గోనెపట్టా తీయగానే సుందరరాజు కనిపించాడు. నిలువెత్తు నల్లరాతి మనిషి కుర్చీలో కూర్చుని, మోకాళ్లమీద తెరిచిన రాతిపుస్తకం పట్టుకుని ఉన్నాడు. శిల్పి బాగా చేశాడు. ఎడమ కనుబొమ్మ కొంచెం ఎత్తి చూసే అలవాటు కూడా వచ్చింది. కానీ లూదియమ్మ ముఖాన్ని ఎక్కువసేపు చూడలేదు. పుస్తకం కుడిపేజీ నిండా అక్షరాలు. వాటి అడుగున, అచ్చు అక్షరాలతో, "సుందరరాజు స్వదస్తూరి" అని ఉంది.

ఆ పైన ఉన్నది ఆమె చేతిరాత.

"అయ్యగారు ఎదురుచూస్తున్నారు. ఉపదేశి పుస్తకం మూశాడు. ఆనాడు గుడిలో అందరి పేర్లూ పిలిచారు, నా పేరు తప్ప. కన్నకూతురి సుఖాన్ని పూడ్చిన ఆ చేతులతోనే అతడు వెళ్లి గంట మోగించాడు."

చివరి పంక్తిలో రెండు మాటలు ఇంకా చెక్కలేదు, సుద్దగీతలు మాత్రమే ఉన్నాయి.

ఆ పేజీ సాపు చేసిన శనివారం ఆమెకు బాగా జ్ఞాపకం. "కన్నకూతురి" అన్నచోట ఆమె కలం ఆగింది. వెనక నిలబడి చూస్తున్న ఆయన ఆమె భుజంమీద చేయి వేసి, రాయి లూదియా, ఇది మనిద్దరి పగ అన్నాడు. ఆమె రాసింది. పగ అన్నమాట ఆనాడు ఆమెకు ఓదార్పుగా వినిపించింది. ఇప్పుడు ఆ పంక్తి, ఆమె చేతి వంపులతో, వందల ఏళ్లు ఉండే రాతిలోకి దిగింది. ఆదివారం నుంచి దారినపోయే ప్రతివాడూ దాన్ని చదువుతాడు. తండ్రి సమాధిమీద ఆమె వేయించబోయే రాయి ఎంత? రెండడుగులు. దాన్ని చదివేవాళ్లు ఎందరు?

"మీకు బాగలేదా? కూచోండి టీచరమ్మా," అన్నాడు పీరా.

కూర్చోనని ఆమె తల ఊపింది.

అప్పుడే షెడ్డు ముందు కారు ఆగింది. దిగినవాడు అజయ్ కుమార్, సుందరరాజు చెల్లెలి కొడుకు. కాలేజీ లెక్చరరు, విగ్రహ కమిటీ కార్యదర్శి, మేనమామ జీవితచరిత్ర రాసినవాడు. అతని వెనక చేతికర్ర ఊతంతో దిగింది అతని తల్లి రెబెకా. కాన్వెంటు బడిలో లూదియాతో ఒకే బెంచీమీద కూర్చుని, ఒకే డబ్బాలో అన్నం తిన్న రెబెకా. పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని వాళ్లు వచ్చారు.

చిన్నప్పుడు అజయ్ శనివారాలు మామ చేయి పట్టుకుని నూనెపల్లె ఇంటికి వచ్చి లూదియాను అత్తా అని పిలిచేవాడు. బయట అట్లా పిలవకూడదని మామే నేర్పాడు. నేర్చుకున్న పాఠం అతను మరిచిపోలేదు.

"ఆంటీ, మీరు ఈడికి ఎప్పుడొచ్చినారు? చెప్పింటే కారు పంపిస్తాంటిమి కదా."

"ఆ రాత ఎవరిది అజయ్?"

"మామది. కిందనే ఉంది కదా."

"మీ మామ తెలుగు రాస్తుండగా నువ్వెప్పుడైనా చూసినావా?"

అజయ్ నవ్వి, మామ తలుపేసుకుని రాసేవాడనీ, పన్నెండు నవలల రాతప్రతులూ ఆయన పెట్టెలో దొరికాయనీ, అన్నీ ఈ దస్తూరీలోనే ఉన్నాయనీ చెప్పాడు. ఆ మాటలు పూర్తికాకముందే పీరా, లూదియమ్మ రాసిచ్చిన కాగితాన్ని తెచ్చి రాతిపుస్తకం మీద, "అయ్యగారు" అన్న మాట పక్కన పెట్టాడు. అజయ్ వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చదువుకున్నవాడు. అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

అతను కాదనలేదు. అదే అతని తెలివి. మామకు ఆంటీ సాపు చేసి పెట్టారంటే అది సంతోషించవలసిన సంగతే అన్నాడు. జీవితచరిత్ర తర్వాతి ముద్రణలో ఒక పేజీ చేరుస్తానన్నాడు. ఆదివారం ఆమెను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతామన్నాడు. ఒక మహారచయితకు సాయపడిన సోదరిగా ఆమె పేరు కూడా నిలిచిపోతుందన్నాడు.

సోదరి అన్నమాట దగ్గర రెబెకా తల వంచుకుంది.

లూదియమ్మ సంచిలోంచి జిరాక్సు కాగితం తీసి అతనికిచ్చింది. అది ఎక్కడ దొరికిందో, ఏమిటో, పాఠం చెప్పినట్టు వరుసగా చెప్పింది. జాబు సుందరరాజు రాసిందని చెప్పింది. టైపు చేస్తే తననే అనుమానిస్తారని, తన తెలుగు రాత ఊరెరగదన్న ధైర్యంతో చేత్తో రాశాడని చెప్పింది. ఆ జాబు ఒక్కరోజు తన కంటపడి ఉంటే తన బతుకు వేరుగా ఉండేదనీ, పెండ్లికూతురికి ఆ జాబు చూపించే ఆచారం లేదని ఆయనకు తెలుసుననీ చెప్పింది. చివరికి తనకు కావలసింది చెప్పింది. ఆ పేజీ రాతిమీద ఉండకూడదు. జకరయ్య నిర్దోషి అని, ఆవిష్కరణకు వచ్చే జనం ముందు, ఆదివారమే చదవాలి.

అజయ్ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అతని గొంతు మర్యాద తప్పలేదు, కానీ లోపలి మెత్తదనం పోయింది.

"నవల్లో జకరయ్య తాత పేరు యాడా లేదు కదా ఆంటీ."

"ఉపదేశి అని ఉంది. ఆ పల్లెకు ఉపదేశి ఒక్కడే."

"సరే, అదొదిలేద్దాం. ఈ జాబు మామ రాసినాడని ఎవురు చెప్పాల? ఒకసారి ఆలోచించండి. రాతిమీదుండేది మామ రాత అంటిరా, ఈ జాబు మామది కాదు. రాతిమీదుండేది మీ రాత అంటిరా, అప్పుడు మామ తెలుగు రాత అనేదే లోకంలో లేదు. చిత్తులన్నీ ఆయనే కాల్చినాడని మీరే చెప్తాండారు. దేంతో పోల్చి చూపిస్తారు?"

ముప్పై ఏళ్ల శనివారాల్లో లూదియమ్మ చేతికి మిగిలింది బూడిద. ఆయన అంత జాగ్రత్తగా బతికాడని, ఆ జాగ్రత్తనంతా తాను ప్రేమ అనుకుందని, ఆ క్షణంలో ఆమెకు తెలిసివచ్చింది. ఇంకెవరో మోసం చేస్తే కళ్లు మూసుకుని మోసపోయాం అనుకోవచ్చు. ఆమె కళ్లు తెరుచుకుని, దీపం ముందు పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో, తన మోసాన్ని తానే సాపు రాసుకుంది.

అజయ్ పీరా వైపు తిరిగి, శనివారం పొద్దునకల్లా ఆ రెండు మాటలూ అయిపోవాలన్నాడు. పీరా ఉలిని తీసి నూనెగుడ్డలో చుట్టాడు.

"సార్, ఈ చేత్తో ఎందరి పేర్లో చెక్కినా. పేరు ఒకరిది, రాత ఒకరిది ఎప్పుడూ చెక్కలే. మీరు మీరు తేల్చుకోండి. అంతదాకా నేను ఉలి పట్టను."

వేరేవాణ్ని పెట్టుకుంటానని అజయ్ అన్నాడు. పెట్టుకోండి, కానీ ఈ కొక్కేలు ఇంకొకరికి రావు అని పీరా జవాబిచ్చాడు.

లూదియమ్మ ఇద్దరినీ దాటి రెబెకా దగ్గరికి నడిచింది. రెబెకా కోయని రాతిదిమ్మె మీద కూర్చుని, చేతికర్రను రెండు చేతులా పట్టుకుని ఉంది. లూదియమ్మ, అజయ్ చేతిలోంచి కాగితం తీసుకుని ఆమె ఒడిలో పెట్టింది.

"మీ అన్న రాత ఎరిగినవాళ్లం ఇద్దరమే రెబెకా. నేను చెప్తే చాలదంటున్నాడు నీ కొడుకు. నువ్వు చెప్పు. ఇది ఎవరిది?"

"మా, నువ్వు కార్లో కూచో పో," అన్నాడు అజయ్.

రెబెకా కాగితాన్ని చూడలేదు. చూడవలసిన అవసరం లేనిదానిలా దాన్ని బోర్లించింది.

"అన్నదే," అంది. చేతికర్రను పక్కన ఆనించి, "కవరులో పెట్టి అయ్యగారి చేతికిచ్చింది నేనే," అంది.

పక్క షెడ్డులో కోత మిషను తిరుగుతూనే ఉంది. లూదియమ్మ చేయి గాలిలో ఆసరా కోసం వెతికింది. చేతికి దొరికింది సుందరరాజు రాతిమోకాలు. ముట్టుకున్నదేమిటో తెలిసి ఆమె చేయి వెనక్కి తీసుకుని, ఆసరా లేకుండానే నిలబడింది.

ఆనాడు మూడో ఆదివారం రెబెకా ఆమె పక్కనే కూర్చుంది. పేరు పిలవకపోయేసరికి ఏడుస్తున్న ఆమె తలను తన భుజంమీద పెట్టుకుంది. నాయన మీద కోపం పోగొట్టుకోవద్దు, గట్టిగా నిలబడు అని చెవిలో చెప్పింది. ఆ భుజాన్ని లూదియా నలభై ఏడేళ్లుగా తన తోబుట్టువు భుజం అనుకుంది.

"ఎందుకు?" అని మాత్రం అడిగింది.

రెబెకా చెప్పింది. తలెత్తకుండా, తడుముకోకుండా, ఎన్నోసార్లు లోపల చెప్పుకున్నదాన్ని చెప్పినట్టు చెప్పింది. అన్న రెండో ప్రకటన అయిన రాత్రి నిద్రపోలేదు. పెండ్లి వద్దని ఎదురుగా చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఈ జాబు చూస్తే వాళ్లే వద్దంటారు, లూదియా తనంతట తాను దూరమవుతుంది, నలుగురిలో ఎవరికీ మాట రాదు అన్నాడు. చెల్లెలు నమ్మింది. జకరయ్య కాలినడకనైనా పోయి విచారించి వస్తాడని ఎవరూ అనుకోలేదు. ఆయన వచ్చి అట్టి స్త్రీ లేదని రాశాక, అన్న అయ్యగారి దగ్గరికి పోయి, పైకి అట్లా రాసినా మామగారికే ఇష్టం లేదట, మూడోసారి చదవద్దు అని చెప్పాడు. లూదియాతోనూ అదే చెప్పాడు.

"నువ్వు వాన్ని వదిలేసి పోతావనుకుంటి," అంది రెబెకా. "పోలేదు. నాయన్ను వదిలేసి వానికాడికే వస్తివి. ఇంక నేనేం చెప్పాల? చెప్తే అన్న పోతాడు, నువ్వు పోతావు. ఇద్దరూ ఉండాలని ఊరుకుంటి."

"నీకు ఇద్దరం ఉన్నాం," అంది లూదియమ్మ. "మా నాయనకు ఎవరున్నారు?"

అజయ్ సెల్‌ఫోన్ మోగింది. అతను తీయలేదు.

మనసులో పిడికెడు జాలి కదిలినా లూదియమ్మ దాన్ని దగ్గరికి రానీయలేదు. జాలిపడటానికి తర్వాత కాలం ఉంది. ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి. ఆమె టీచరు గొంతుతో, ఈ మాటలన్నీ కాగితంమీద రాసి సంతకం చేయమని అడిగింది. రెబెకా చేస్తానంది. తల్లికి వయసైంది, మతిమరుపు, ఆమె సంతకానికి విలువేముందని జనం అంటారని అజయ్ మెల్లగా అన్నాడు. బెదిరింపుగా అనలేదు. తాను అలాగే అనిపిస్తానని తెలియజేశాడు.

అప్పుడు రెబెకా మొదటిసారి తలెత్తి కొడుకు వైపు చూసింది. తర్వాత లూదియా వైపు చూసింది.

"అన్న రాత ఇంకోచోట ఉండాది. కాల్చనిది. కట్టలు కట్టలు."

"ఎక్కడ?"

"సున్నిపెంటలో."

సున్నిపెంటలో ఎవరూ లేరని నాయన రాశాడు. రెండు రోజులు తిరిగి, విచారించి, రాశాడు.

"ఆయప్ప అబద్ధం రాయలే," అంది రెబెకా. "మనోళ్లలో అడిగినాడు. గుడికి పోయి, సంఘపెద్దల ఇండ్లకు పోయి, క్వార్టర్లలో మన సంఘం ఆడోళ్ల గురించి అడిగినాడు. ఆయనకు తెలిసిన లోకం అంతే. ఆమె మన సంఘం మనిషి కాదు లూదియా. మాబూబీ అని, డ్యాం కాడ బట్టలు కుట్టేది. జాబులో ఉండేది నిజమే. అన్న రాసిన వాటిల్లో నిజమంటూ ఉంటే అదొక్కటే."

శనివారాలు నూనెపల్లెకు వచ్చిన మనిషి మిగిలిన రోజుల్లో ఎక్కడికి వెళ్లేవాడని లూదియా ఒక్కసారైనా అడగలేదు. రాసుకుంటున్నాను అని ఆయన చెప్పేవాడు. నెలకొకసారి అడవి చూస్తే తప్ప కలం కదలదని శ్రీశైలం వైపు వెళ్లేవాడు. ఆ అడవి వర్ణనలను కూడా ఆమే సాపు చేసింది.

"ఆమెకు రాసినాడా, ఉత్తరాలు?"

"రాసినాడు. ఆమెకు చదువు రాదు. ఎవురైనా చదివి వినిపించాల. రాత బాగలేదని ఆమె ఎప్పుడూ అనలేదంట."

తనకు ఒక్కటీ రాయని ఉత్తరాలు. నిన్నటిదాకా అయితే ఆ మాట లూదియమ్మను కూలదోసి ఉండేది. ఈరోజు ఆమెకు కావలసింది ప్రేమలో వాటా కాదు, సాక్ష్యం. తన తండ్రిని నిర్దోషిగా నిలబెట్టగల కాగితాలు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉన్నాయి. తనను ఎవరికోసం మోసం చేశారో ఆ మనిషి చేతిలో ఉన్నాయి. వెళ్లి అడుక్కోవాలి. ఏ ముఖంతో?

"నంబరుందా?"

"మా," అన్నాడు అజయ్. ఈసారి గొంతులో భయం ఉంది.

రెబెకా కొడుకును పట్టించుకోలేదు. నడుము దగ్గరి చిన్నసంచిలోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, లూదియా చేతికిచ్చింది. మూడుసార్లు మోగింది. అవతల ఒక ముసలి గొంతు పలికింది. వెనక కుట్టుమిషను చప్పుడు ఆగింది.

లూదియమ్మ తన పేరు చెప్పింది. జకరయ్య ఉపదేశి కూతురినని చెప్పింది. ఆ తర్వాత చెప్పవలసిన మాటలను ఆమె ఇంకా కూర్చుకుంటూనే ఉంది.

"తెలుసులేమ్మా," అంది మాబూబీ. "మీ నాయన మా ఇంటికి వచ్చినాడు. మొదటిసారి కాదు, పెండ్లి ఆగిపోయినాక సున్నిపెంటకు రెండోసారి వచ్చినప్పుడు. యాడ యాడనో అడిగి కనుక్కొని వచ్చినాడు. నన్ను ఒక్కమాట అనలే. మా ఇంట్లో కూచోని నీళ్లు తాగినాడు. నీకియ్యమని ఒక కాగితం రాసి ఇచ్చిపోయినాడు. నా బిడ్డ నన్ను చూడదు, ఏదో ఒకరోజు నిన్ను వెతుక్కుంటా వస్తాది, అప్పుడియ్యి అన్నాడు. నలభై ఏడేండ్లుగా పెట్టెలో ఉండాది. ఎప్పుడొస్తాండావ్?"